కన్ను రెండుగా పడిన రాత్రి

షట్టర్ సగం దించి ఉంది, కాస్త వంగి లోపలికి రండి. గుంటూరు అరండల్‌పేటలో రాత్రి పదిన్నర. ఎదురుగా టిఫిన్ బండివాడు పెనం కడుక్కుంటున్నాడు. లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంత తిరిగినా సాల్వెంట్ ఇంకు వాసన ముక్కుకి ఘాటుగానే తగులుతుంది. గది పొడుగునా ఉన్న ఆ ఫ్లెక్సీ ప్రింటింగ్ మిషన్ పదిన్నర అడుగుల వెడల్పు రోల్ తీసుకుంటుంది. నాలుగు రంగులకి నాలుగు హెడ్లు, ఒక్కో హెడ్‌కి ఇంకు చిమ్మే 512 నాజిళ్లు. హెడ్లు మోసే క్యారేజ్ ఇప్పుడు కుడి చివర ఆగి ఉంది.

ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న కుర్రాడికి పాతికేళ్లుంటాయి. తెల్లారితే వాళ్ల నాన్న దశదిన కర్మ. ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అడిగాడు. గంట క్రితం ప్రింటైంది నేల మీద పరిచి ఉంది. నిలబడి చూస్తే బాగానే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని చూడండి. పెద్దాయన కంటి గుడ్డు పక్కనే మరో గుడ్డు నీడలా పడింది. అడుగున కుటుంబ సభ్యుల పేర్లలో ప్రతి అక్షరానికీ ఓ జంట.

"మా నాన్న కళ్లు ఇలా ఉండవన్నా" అంటాడు కుర్రాడు. ఆ మాట విన్నాక మళ్లీ మిషన్ దగ్గరికే వెళ్లాలి, వేరే దారి లేదు.

మా హెల్పర్ తల దించుకుని ఉన్నాడు. "బైడైరెక్షన్ నంబర్ మార్చి చూశానన్నా. రెండుసార్లు మార్చా. ఇంకా ఎక్కువైంది."

"అంతకుముందు ఎంత ఉంది?"

గుర్తులేదు. బైడైరెక్షన్ అంటే, క్యారేజ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వేసే చుక్కలు ఒకేచోట పడేలా సరిచేసే నంబర్. వాణ్ని తిట్టబుద్ధి కాదు. ఎదురుగా కస్టమర్ కూర్చుని ఉంటే ఎవరి చెయ్యైనా ముందు కంప్యూటర్ మీదికే పోతుంది. అక్కడ నంబర్ మార్చడం తేలిక, మిషన్ మూత తీయడం కష్టం.

ముందు నాజిల్ చెక్ కొడదాం. సన్నటి మెట్ల గీతలు నాలుగు రంగుల్లో వస్తాయి. ఎక్కడా తెగలేదు, అంటే హెడ్లు శుభ్రంగానే ఉన్నాయి. ఇక మళ్లీ బ్యానర్ దగ్గరికి వచ్చి, జంట ఎటువైపు పడిందో చూడండి. పైకీ కిందికీ పడి ఉంటే రోల్ ముందుకు జరిగే స్టెప్‌నో, హెడ్ల బిగింపునో అనుమానించాలి. తెల్ల చారలు అడ్డంగా వస్తే స్టెప్ ఎక్కువ జరుగుతున్నట్టు, నల్ల చారలొస్తే తక్కువ జరుగుతున్నట్టు. ఇక్కడ చారల్లేవు. జంట పక్కకే పడింది, క్యారేజ్ తిరిగే దిక్కులో.

ఇప్పుడు కన్ను ఉన్న జానెడు ముక్కని, దాని వరసలో రెండు పక్కలా ఉన్న బార్డర్ గీతలతో సహా, ఒకవైపు ప్రింట్‌లో వేద్దాం. అంటే క్యారేజ్ వెళ్లేటప్పుడే ఇంకు చల్లుతుంది, వచ్చేటప్పుడు ఊరికే వస్తుంది. సమయం రెట్టింపు. కానీ ఈ ఒక్క పరీక్ష చెప్పినంత నిజం ఏ సెట్టింగూ చెప్పదు. చూడండి, కన్ను ఒక్కటే పడింది. జబ్బు రానూ పోనూ మధ్య తేడాలోనే ఉందన్నమాట.

"అయితే అన్నా, బ్యానరంతా ఇలాగే కొట్టేద్దామా?" హెల్పర్ ఆశగా అడిగాడు.

నెలల తరబడి అలా నెట్టుకొచ్చే షాపులున్నాయి. నాకది నచ్చదు. పైగా ముక్కలో ఇంకోటి కనిపిస్తోంది, దగ్గరికి రండి. కుడివైపు బార్డర్ గీత దారం పట్టినట్టు తిన్నగా ఉంది. ఎడమవైపు గీత రంపపు పళ్లలా ఉంది. ఒకవైపు ప్రింట్‌లోనూ ఇలా వచ్చిందంటే ఇది వేరే జబ్బు. క్యారేజ్ కుడి నుంచి బయలుదేరి, దారిలో ఎక్కడో లెక్క తప్పుతోంది.

ఆ లెక్క చెప్పేది ఎన్‌కోడర్ స్ట్రిప్. మిషన్ ఈ చివర నుంచి ఆ చివరికి లాగి కట్టిన పారదర్శకమైన పట్టీ. ఇలాంటి పట్టీల మీద సాధారణంగా అంగుళానికి 180 గీతలుంటాయి, గీతకీ గీతకీ మధ్య 0.14 మిల్లీమీటర్లు. క్యారేజ్ వెనక ఉన్న సెన్సార్ వాటిని లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఇంకు తుంపర గాల్లో తేలి పట్టీ మీద పేరుకుంటే కొన్ని గీతలు సెన్సార్‌కి కనపడవు. అక్కడి నుంచి బొమ్మ పక్కకి జరుగుతుంది. ప్రతి పాస్‌లోనూ ఒకేలా జరగదు కాబట్టే రంపపు పళ్లు.

మెయిన్ ఆపేశాను. కరెంటుండగా స్ట్రిప్ ముట్టుకుంటే క్యారేజ్ ఒక్కసారిగా దూసుకురావచ్చు, చెయ్యి నలుగుతుంది. టార్చి పట్టుకుని నాతో పాటు పట్టీ వెంట నడవండి. ఒకడుగు, రెండడుగులు. మూడో అడుగు దాటాక చూశారా, బొటనవేలంత గోధుమరంగు మరక. దాని మీద మెత్తటి దుమ్ము. మిర్చి సీజన్‌లో ఈ ఊళ్లో దుమ్ముకి కొదవలేదు.

నూగు రాలని గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడి చేసి, పట్టీని రెండు వేళ్ల మధ్య గుడ్డతో పట్టుకుని, ఒకే దిక్కుకి, నొక్కకుండా లాగాలి. ఇంకు కడిగే సాల్వెంట్ వాడకూడదు, మరకతో పాటు గీతలూ పోయే ప్రమాదముంది. గుడ్డ మీదికి మొదట గోధుమరంగు, తర్వాత పల్చటి నలుపు. మూడోసారి లాగితే గుడ్డ తెల్లగానే వచ్చింది. పట్టీ సెన్సార్ గాడికి మధ్యలోనే ఉంది, ఎక్కడా రాసుకోవడంలేదు.

ఇక రెండో జబ్బు. "నిన్న ఏం ప్రింట్ చేశావురా?" అంటే, దళసరి రోల్ ఎక్కించాడట. హెడ్లు తగులుతాయని క్యారేజ్ పైకి లేపాడు. అది మంచి పనే. మళ్లీ దించడం మరిచాడు. గేజ్ పెట్టి కొలిస్తే ఫ్లెక్సీకీ హెడ్‌కీ మధ్య 5 మిల్లీమీటర్లు. మేమెప్పుడూ పెట్టేది 2.

ఈ 3 మిల్లీమీటర్ల తేడా ఏం చేస్తుందో చెబుతాను. ఇంకు చుక్క సెకనుకి సుమారు 6 మీటర్ల వేగంతో దిగుతుందనుకోండి. అదనపు 3 మిల్లీమీటర్లు దిగడానికి సెకనులో రెండువేలవ వంతు. ఆలోగా సెకనుకి మీటరు వేగంతో పరిగెత్తే క్యారేజ్ చుక్కని అరమిల్లీమీటరు ముందుకి తీసుకుపోతుంది. వెళ్లేటప్పుడు అటు అర, వచ్చేటప్పుడు ఇటు అర, మొత్తం మిల్లీమీటరు ఎడం. పెద్దాయన కంట్లో పడిన రెండో గుడ్డు అదే.

హైట్ 2కి దించాం. హెల్పర్ మార్చిన నంబర్ ఇంకా అలాగే ఉంది కాబట్టి ఇప్పుడు చార్ట్ కొట్టాలి. వెళ్లేటప్పుడు వేసిన గీతల కింద, వచ్చేటప్పుడు వేసినవి కొద్దికొద్దిగా జరుపుతూ పడతాయి. భూతద్దం తీసుకోండి. ఏ అంకె దగ్గర పై గీతా కింది గీతా అతుకు లేకుండా ఒక్కటిగా కలిశాయో చెప్పండి. మైనస్ 4. నాకూ అక్కడే కనిపించింది. అది ఎక్కించి మళ్లీ చార్ట్ కొడితే ఈసారి సున్నా దగ్గర కలిశాయి. ఈ సవరణ మనం ప్రింట్ చేసే స్పీడుకి మాత్రమే. ఒక్కో స్పీడుకీ ఒక్కో నంబరుంటుంది, మిగతావి రేపు పొద్దున చూసుకోవచ్చు.

పన్నెండుంబావు. బ్యానర్ మళ్లీ మొదలైంది. క్యారేజ్ అటూ ఇటూ తిరుగుతుంటే తలపాగా, నుదురు, కనుబొమలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. కుర్రాడు కుర్చీలోంచి లేచి మిషన్ పక్కన నిలబడ్డాడు. కళ్లు వచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు, నేనూ అంతే. ఒక్కటే గుడ్డు, అందులో ఫొటో తీసిన రోజు వెలుతురు తెల్లటి చుక్కగా పడి ఉంది.

"ఇదీ మా నాన్న" అన్నాడు.

పాడైన మొదటి ఫ్లెక్సీకి డబ్బులు తీసుకోలేదు. ఇంకు పూర్తిగా ఆరేదాకా కూర్చోబెట్టి, అంచులకి రింగులు కొట్టి, మడవకుండా చుట్టి ఇచ్చాం. హెల్పర్ మార్కర్ తీసుకుని మిషన్ మూత లోపలివైపు ఆ రోజు తేదీ, హెడ్ హైట్, సరిచేసిన స్పీడు నంబరూ రాశాడు. మీ షాపులోనూ ఇలాంటి మిషనుంటే, ఏ నంబరైనా ముట్టుకునే ముందు పాతది రాసిపెట్టుకోండి.