పర్యాయపదముల పుట్టుక



చదువు ముగించి కొలువు పరీక్షలకు సిద్ధపడు మన పల్లెపిల్లల చేతులలో నేడొక చిన్న పుస్తకము కనబడుచుండును. అందొక ప్రక్క ఒక ఇంగ్లీషు నామవాచకమును, దాని కెదుట నాలుగైదు పర్యాయపదములును అచ్చువేయబడి యుండును. పిల్లలు వానిని అరుగులమీద కూర్చుండి వల్లించుచుండగా పెద్దలు విని, "అయ్యా, ఒక్క వస్తువునకు ఆ దొరల కిన్ని పేర్లేల?" అని నన్నడుగుట కలదు. ప్రశ్న సమంజసమైనదే. దీని సమాధానము వ్యాకరణమున లేదు, చరిత్రలో నున్నది.

1066వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన హేస్టింగ్సు యుద్ధమున ఇంగ్లండు రాజైన హెరాల్డు కూలెను. నార్మండీ ప్రభువైన విలియము ఆ సింహాసన మెక్కెను. అతడును అతని సామంతులును మాటలాడినది ఫ్రెంచి భాష. పిమ్మట సుమారు మూడు వందల యేండ్లు ఆ దేశమున రాజసభకును న్యాయస్థానమునకును ఫ్రెంచియు, మఠమునకును శాస్త్రమునకును లాటినును, పొలమునకును పెరటికిని ఇంగ్లీషును చెల్లుబడి యయ్యెను. న్యాయస్థానములలో వాదము లింగ్లీషున జరుగవలెనని 1362లో శాసనము పుట్టెను. క్రమముగా ఫ్రెంచి తగ్గినది గాని, అది తెచ్చిన పదములు మాత్రము తిరిగి పోలేదు.

మన యూళ్లలో నందఱెరిగిన మాట యొకటి చూడుడు. గొఱ్ఱెను కాచువాడు దానిని 'షీప్' అనెను, అది ఇంగ్లీషు. దాని మాంసమును భుజించిన ప్రభువు 'మటన్' అనెను, అది ఫ్రెంచి. ఈ భేదమును జాన్ వాలిస్ అను పండితుడు 1653లో తన వ్యాకరణమున చూపెను. సర్ వాల్టర్ స్కాట్ తన 'ఐవన్హో' నవలలో చెప్పి లోకప్రసిద్ధము గావించెను. అయితే స్కాట్ చెప్పినంత సూటిగా నిది జరుగలేదు. 'మటన్' అను మాట చాలకాలము బ్రదికియున్న గొఱ్ఱెకును చెల్లినది. ఈ పంపకము మెల్లమెల్లగా స్థిరపడినది.

ఈ విధముగా నొక్కొక్క యర్థమున కాభాషలో మూడేసి పొర లేర్పడినవి. సాహాయ్యమునకు 'హెల్ప్' స్వదేశపు మాట, 'ఎయిడ్' ఫ్రెంచి, 'అసిస్టెన్స్' లాటినునుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. భయమునకు 'ఫియర్', 'టెర్రర్', 'ట్రెపిడేషన్' అట్టివే. పుస్తకమున నివి యొకే వరుసలో నుండును గాని, వాడుకలో నొకదాని పీటపై నొకటి కూర్చుండదు. నూతిలో పడినవాడు 'హెల్ప్' అని యరచును. 'అసిస్టెన్స్' అని యరచునంతవఱకు వానికి ప్రాణముండదు! సర్కారువారు పాఠశాలకు ధనమిచ్చినచో నది 'ఎయిడ్'. కనుకనే మనము ఎయిడెడ్ పాఠశాల యనుచున్నాము. మనకును ఇట్లే కదా? దాహమునకు నీళ్లడుగుదుము; సంధ్యవార్చువాడు ఉదకము విడుచును; దేవాలయమున తీర్థము పుచ్చుకొందుము. మూడును నీరే. కాని తోటకు తీర్థము కట్టితి ననువానిని చూచి నవ్వుదుము.

దస్తావేజులు చదివిన పెద్దల కింకొక ముచ్చట రుచించును. ఇంగ్లీషు వీలునామాను 'విల్ అండ్ టెస్టమెంట్' అందురు. 'విల్' ఇంగ్లీషు, 'టెస్టమెంట్' లాటిను. చరాస్తులను 'గూడ్స్ అండ్ ఛాటెల్స్' అందురు. 'గూడ్స్' ఇంగ్లీషు, 'ఛాటెల్స్' ఫ్రెంచి. రెండు భాషలు చెల్లిన దేశమున ఏ మాటకు లోపము వచ్చునో యని జంటగా వ్రాయుట వాడుక యయ్యెను. మన విక్రయపత్రములలోని 'హక్కుభుక్తములు' అనునదియు అట్టి జంటయే. 'హక్కు' పారసీకుల మీదుగా వచ్చిన అరబ్బీ మాట, 'భుక్తము' సంస్కృతము. రాజులు మారిన చోటనెల్ల పత్రములలో మాటలు జంటలు కట్టినవి.

పర్యాయపదములు సమానార్థకములే గాని సమానములు కావని మొదట గట్టిగా వాదించినవాడు గిరార్ అను ఫ్రెంచి మతగురువు. అతని గ్రంథము 1718లో వెలువడెను. దాని ననుసరించి ట్రస్లర్ 1766లో ఇంగ్లీషున వ్రాసెను. 1794లో పియోజీ యను విదుషీమణియు, 1816లో క్రాబ్ అనువాడును వ్రాసిరి. వీరందఱు మాటకు మాటకు గల భేదమును వివరించినవారు. నేటి పరీక్ష పుస్తకములు భేదమును వదలి పట్టికను మాత్రము ఉంచుకొన్నవి. నేను బడిలో నున్న కాలమున నొక బాలుడు తన తండ్రి 'గవర్నమెంటు సర్వెంటు' అని వ్రాయుటకు మాఱుగా, పట్టికలో చూచి, 'గవర్నమెంటు మీనియల్' అని వ్రాసెను. తండ్రి గుమాస్తా, కొడుకు వానిని అంట్లు తోమువానిని చేసెను. పట్టికలో తప్పు లేదు, బాలుని శ్రద్ధలోను తప్పు లేదు.

ఈ విద్యలో పేరుపొందిన గ్రంథము పీటర్ మార్క్ రోజే వ్రాసిన 'థిసారస్'. ఆయన వైద్యుడు, 1779లో లండనున జన్మించెను. 1805లో తన యుపయోగార్థ మొక పట్టిక కూర్చుకొని, ఉద్యోగ విరామము పొందిన పిమ్మట దానిని పెంచి, 1852లో, అనగా తన డెబ్బదిమూడవ యేట, ప్రకటించెను. ముసలితనమున పని మొదలిడుటకు సందేహించు నాబోటివారి కీ సంగతి ధైర్యము కలిగించును. అదే సంవత్సరమున బ్రౌనుదొరగారి తెలుగు ఇంగ్లీషు నిఘంటువు చెన్నపట్టణమున అచ్చయ్యెను. రోజే మాటలను అకారాదిగా గాక భావములను బట్టి ఆరు తరగతులుగాను, వేయి శీర్షికలుగాను విభజించెను.

ఆయన తన పీఠికలో, ఇట్టి ప్రయత్నము చేసిన పూర్వులలో ప్రథముడని మన అమరసింహునే పేర్కొనెను. కోల్‌బ్రూకు చేసిన అమరకోశపు టింగ్లీషు అనువాదము 1808లో శ్రీరామపురమున అచ్చయి యుండెను. అయితే ఆ విభాగము మిక్కిలి గజిబిజి యని రోజే ఆక్షేపించెను. స్వర్గము, దేవతలు, అగ్ని, వాయువు అని చెప్పుచు నడుమ వేగము, నిత్యత్వము, ఆధిక్యము అనువాని నేల చేర్చవలెనని యాయన సందేహము.

అమరమును చిన్ననాట వల్లించిన నాకు దీనికి బదులు చెప్పవలె ననిపించును. స్వర్గవర్గమున అమరుడు దిక్పాలకులను వరుసగా చెప్పుచు వాయువు కడకు వచ్చెను. గాలి పేర్లు కాగానే దేహమందలి ప్రాణాపానాదులు. పిదప గాలి గుణమైన వేగము. వేగముగ నెడతెగక సాగునది కనుక సతతము. దానివెంట మిక్కిలి యను నర్థముగల అతిశయము. అంతట మరల దారికి వచ్చి తరువాతి దిక్పాలకుడైన కుబేరుని చెప్పెను. ఇది గజిబిజి కాదు, తీగ లాగిన డొంక కదలుట. రోజే కంటితో వెదకువానికై వ్రాసెను. అమరుడు చెవితో పట్టువానికై పద్యమున కూర్చెను. పైగా లింగమును కూడ నేర్పవలసిన భారము అమరునిది. రోజేకు ఆ చిక్కు లేదు.

అయినను న్యాయము చెప్పవలెను. కాలవర్గము చివర పాపపుణ్యములును, సుఖమును, దైవమును, కారణమును ఒకచోట కుప్పవడి యుండుటను నేను పూర్తిగా సమర్థింపను. భావవాచకముల విషయమున రోజే మాట కొంత నిజమే. సముద్రము, భూమి, పురము, ఓషధులు, జంతువులు మొదలగు విభాగములను మాత్రము ఆయనయు మెచ్చెను. అంత ప్రాచీనకాలమున నట్టి వివేచన ఆశ్చర్యకరమనెను.

నాయొద్దకు సాయంకాలములందు వచ్చు పిల్లలకు నేను పట్టికను మానుమని చెప్పను. పరీక్షలో నడుగువారు దానినే యడుగుదురు. ప్రతి మాట ప్రక్కను అది ఏ పొరనుండి వచ్చినదో, ఇంగ్లీషు, ఫ్రెంచి, లాటిను అని యొక యక్షరము వ్రాయింతును. పిదప ఆ మాట ఎవరి నోట వచ్చునో, కాపు నోటనా, వకీలు నోటనా, వైద్యుని నోటనా, అని యడుగుదును. మొన్న 'డెత్', 'డిమైజ్', 'మోర్టాలిటీ' అను మూటిని ఇచ్చితిని. ఒక బాలిక, మొదటిది ఇంటిలో ఏడ్చునప్పటిదనియు, రెండవది పత్రికలో వేయించునట్టిదనియు, మూడవది ఆసుపత్రి లెక్కలలో నుండునదనియు చెప్పెను.