మైనస్ 30లో పాత డీజిల్ కారు మొరాయిస్తోందా? బ్లాక్ హీటర్ బిగించే ముందు ఇవి తెలుసుకోండి

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడిందంటే ఇక్కడ బ్రేకింగ్ న్యూస్. కెనడాలోని ఎడ్మంటన్, విన్నిపెగ్, రెజైనా లాంటి ఊళ్లలో మాత్రం జనవరిలో మైనస్ 30 అన్నా ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లకు తొలి చలికాలంలో వింతగా కనిపించే సీన్ ఒకటుంది. కారు ముందు గ్రిల్‌లోంచి ఒక వైరు, దాని చివర మూడు పిన్నుల ప్లగ్ వేలాడుతూ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారేమో అనుకుంటే పొరపాటే. అది మామూలు బండే. ఆ వైరు వెళ్లేది ఇంజిన్ బ్లాక్ హీటర్‌కి.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని పాత డీజిల్ కారు కొన్నవాళ్లకైతే ఈ హీటర్ దాదాపు తప్పనిసరి. లేదంటే పొద్దున్నే డ్యూటీకి బయల్దేరే టైమ్‌లో బండి కదలదు.. అంతే సంగతులు.

ఇంతకీ డీజిల్‌కే ఎందుకీ తిప్పలు?

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడితోనే ఇంధనం అంటుకోవాలి. 1980ల నాటి మెర్సిడెస్ 300డి లాంటి కార్లలో గాలిని 20 వంతులకు పైగా కుదిస్తారు. కానీ ఇనుప బ్లాక్ మొత్తం మైనస్ 30లో గడ్డకట్టి ఉంటే, పుట్టిన వేడిని ఆ ఇనుమే లాగేసుకుంటుంది. గ్లో ప్లగ్‌లు కొంత సాయం చేస్తాయి కానీ, అవి వేడి చేసేది చిన్న గదిని మాత్రమే. దానికితోడు ఇంజిన్ ఆయిల్ జిగురులా చిక్కబడుతుంది. బ్యాటరీ బలమేమో మైనస్ 20 దగ్గరికే దాదాపు సగానికి పడిపోతుంది. బండి తిప్పడానికి ఎక్కువ బలం కావాల్సిన రోజునే బ్యాటరీ చేతులెత్తేస్తుందన్నమాట.

దీనికి విరుగుడు కనిపెట్టింది కూడా చలిదేశం మనిషే. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇంజిన్ హెడ్ బోల్టు ఒకటి తీసి, ఆ స్థానంలో వేడెక్కే బోల్టు పెట్టాడు. 1949లో ఆయనకు పేటెంట్ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది మాత్రం కూలెంట్‌లో మునిగి ఉండే చిన్న హీటింగ్ కాయిల్. వేడినీళ్ల బకెట్‌లో వేసే రాడ్ గుర్తుందా? పని అదే. రేడియేటర్ హోస్ మధ్యలో పెట్టేవి, ఆయిల్ సంప్‌కి అతికించేవి కూడా ఉన్నాయి. అయితే పాత డీజిల్ బ్లాక్‌కు కాయిల్ రకమే సరిగ్గా సరిపోతుంది.

బిగించేది ఎలాగంటే..

బ్లాక్ పక్కన గుండ్రటి గిన్నె మూతల్లాంటి ప్లగ్‌లు ఉంటాయి. వాటిని కోర్ ప్లగ్ అంటారు. హీటర్ కూర్చునేది వాటిలో ఒకదాని స్థానంలోనే. ఏ ప్లగ్ అనేది కారు మోడల్, ఇంజిన్ నంబర్‌ను బట్టి మారుతుంది కాబట్టి హీటర్ కంపెనీ చార్ట్ చూసే కొనాలి. కొన్ని ఇంజిన్లకు మరలతో బిగించే ప్రత్యేక రంధ్రమే ఉంటుంది, వాటికి పని తేలిక. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వోల్టేజీ కూడా చూసుకోవాలి. కెనడా, అమెరికాల్లో 120 వోల్టులు, నార్వే, ఫిన్‌లాండ్‌లలో 230.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. ముందు కూలెంట్‌ను వెడల్పాటి గిన్నెలోకి దించాలి. ఇక్కడ జాగ్రత్త.. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలకు, కుక్కలకు అందేచోట ఆ గిన్నె వదిలేయకూడదు.

తర్వాత కోర్ ప్లగ్ ఒక అంచు మీద సుత్తితో కొడితే అది అడ్డంగా తిరుగుతుంది. అప్పుడు ప్లయర్‌తో పట్టి లాగాలి. బలంగా కొడితే ప్లగ్ బ్లాక్ లోపలికి పడిపోతుంది, మెకానిక్‌లు కూడా తిట్టుకునేది అక్కడే. రంధ్రం అంచుల తుప్పును ఎమెరీ పేపర్‌తో శుభ్రం చేయాలి. తుప్పు మీదే ఓ-రింగ్ కూర్చోబెడితే లీక్ ఖాయం. హీటర్ లోపలికి వెళ్లాక కాయిల్ ఎక్కడా లోపలి ఇనుముకు తగలకూడదు. తగిలితే ఆ ఒక్కచోటే కాలిపోతుంది. కంపెనీ చెప్పిన కొలతకే స్క్రూ బిగించాలి.

వైరును సైలెన్సర్ పైపుకు, ఫ్యాన్‌కు, బెల్టులకు దూరంగా తీసుకొచ్చి కట్టాలి. కూలెంట్ నింపి, లోపలి గాలి బయటికి పోయేదాకా ఇంజిన్ నడిపి, లీక్ చూసుకుని, తగ్గినంత మళ్లీ పోయాలి. ప్లగ్ పెట్టేది ఆ తర్వాతే! కూలెంట్ లేకుండా, లేదా గాలి బుడగ ఉన్నప్పుడు స్విచ్ వేస్తే కొత్త హీటర్ కాసేపట్లోనే మాడిపోతుంది. పనిచేస్తుందో లేదో కరెంటు ఇవ్వకముందే మల్టీమీటర్‌తో తెలుసుకోవచ్చు. 120 వోల్టుల, 400 వాట్ల హీటర్ అయితే 36 ఓమ్‌ల దగ్గర చూపించాలి.

రాత్రంతా ఆన్‌లో ఉంచితే దండగ. 600 వాట్ల హీటర్ పది గంటలకు 6 యూనిట్లు కాలుస్తుంది. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెడితే రెండు యూనిట్లు కూడా కావు. ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం ఆరుబయట వాడే మందపాటి మూడు పిన్నులదే ఉండాలి. ఇంట్లో వాడే సన్నటి వైరు వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

హీటర్ చేయలేని పని ఒకటుంది. అది ట్యాంకులోని డీజిల్‌ను వేడి చేయదు. చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తే, ఇంజిన్ ఎంత వెచ్చగా ఉన్నా లాభం లేదు. అందుకే ఆ ప్రాంతాల్లో చలికాలపు డీజిల్ వేరుగా అమ్ముతారు. మన దేశంలోనూ లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. వేసవిలో నింపిన డీజిల్ ట్యాంకులో మిగిలి ఉంటే చలి ముదరకముందే వాడేయాలి.

స్టార్ట్ కాలేదని కొందరు ఈథర్ స్ప్రే కొడుతుంటారు. గ్లో ప్లగ్‌లున్న డీజిల్‌లో అది చాలా డేంజర్. ఎర్రగా కాలిన ప్లగ్ తగిలి లోపలే పేలిపోతుంది, పిస్టన్ దెబ్బతింటుంది.

ఇక వైరు పీకకుండానే బండి ముందుకు పోనిచ్చేవాళ్లు ఏటా ఉంటారు. అందుకే ప్లగ్ పెట్టాక వైరును డ్రైవర్ వైపు అద్దానికి ఒక చుట్టు చుట్టి ఉంచుతారు.