రిజిస్టరు పుస్తకం నుండి తేలికపాటి డేటాబేస్ వరకు: కోనసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
గౌతమీ వసిష్ఠ పాయల నడుమ సముద్రాన్ని ఆనుకొని ఉన్న కోనసీమలో చాలా కుటుంబాలకు వరిచేను, కొబ్బరితోటలే జీవనాధారం. వాటిపై హక్కుకు రుజువు దస్తావేజు. ఆ వివరాలను ఎక్కడ, ఏ రూపంలో భద్రపరచాలన్న పాత ప్రశ్నే నేడు వెబ్ అప్లికేషన్‌కు డేటాబేస్‌ను ఎంచుకొనేవారికీ ఎదురవుతుంది. ఆ ప్రశ్న చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కాగితపు సూచికలు:
1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం స్థిరాస్తి దస్తావేజులకు ఒకటవ పుస్తకాన్ని, దానికి రెండు సూచికలను నిర్దేశించింది. మొదటి సూచికలో వ్యక్తుల పేర్లు, రెండవదానిలో ఆస్తి వివరాలు ఉంటాయి. డేటాబేస్‌లో ‘ఇండెక్స్’ చేసే పనీ ఇదే. అమలాపురం, రాజోలు, కొత్తపేటలలో ఏ కార్యాలయపు పుస్తకం ఆ కార్యాలయంలోనే ఉండేది.

కంప్యూటరీకరణ:
1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పథకం మొదలైంది. రోజులు పట్టే ఈసీ జారీ నిమిషాల పని అయింది. తొలిదశలో సమాచారం ఆయా కార్యాలయాల కంప్యూటర్లలోనే ఉండేది. తరువాతి కేంద్రీకరణతో ఈసీని ఎక్కడినుండైనా పొందే వీలు కలిగింది. అయితే కేంద్ర సర్వర్‌తో సంబంధం తెగితే పని నిలిచిపోతుంది. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన ప్రాంతానికి ఇది ఊహామాత్రమైన ప్రమాదం కాదు.

సర్వర్ అవసరం లేని డేటాబేస్:
ఇదే చిక్కు నుండి ‘ఎస్‌క్యూలైట్’ పుట్టింది. అమెరికా యుద్ధనౌక కోసం ప్రోగ్రాము రాస్తున్న రిచర్డ్ హిప్, డేటాబేస్ సర్వర్ ఆగినప్పుడల్లా తన ప్రోగ్రామూ ఆగిపోవడం గమనించి, 2000 ఆగస్టులో దీనిని విడుదల చేశారు. ఇందులో సమాచారమంతా సాధారణంగా ఒకే ఫైలులో ఉంటుంది, వేరే సర్వర్ అక్కరలేదు. ఒక సమయంలో ఒక్కరే రాయగలగడం దీని పరిమితి. 2010లో వచ్చిన ‘వాల్’ పద్ధతితో ఒకరు రాస్తుండగా ఇతరులు చదవడం సాధ్యమైంది.

ముగింపు:
కాబట్టి ఎంపికకు సమాచార పరిమాణం ఒక్కటే కొలమానం కాదు. ఏకకాలంలో ఎందరు రాస్తారు, ఎక్కడినుండి చదువుతారు, లైను తెగితే ఏమవుతుంది అన్నవి ముందుగా తేల్చుకోవాలి. ఒక కార్యాలయపు పనికి తేలికపాటి డేటాబేస్ చాలవచ్చు. అనేక కార్యాలయాలు ఒకేసారి నమోదు చేసే వ్యవస్థకు సర్వర్ తప్పదు. అయితే ఒకే గదిలోని ఫైలుకూ పాత రిజిస్టరుకూ వరదముప్పు ఒకటే. నకలు మరొక ఊరిలో ఉన్నప్పుడే ఆ హక్కుపత్రానికి రక్షణ.