కాసేపు కూర్చునే చోటు

నడక ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లందరూ చెబుతారు. నడిచి నడిచి అలసిపోయిన మనిషి ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఈ లోటు నాకు పోయిన శీతాకాలంలో హార్స్‌లీ కొండల మీద తెలిసొచ్చింది.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురు సెలవులకి మదనపల్లె వచ్చింది. "అత్తా, ఎప్పుడు చూసినా కూర్చుని రాస్తూనే ఉంటావు, ఒక్కరోజు నడిచి చూడు" అంటూ నన్ను లేవదీసింది. కొండమీదికి శుభ్రమైన రోడ్డుంది, బస్సుంది. అయినా కాలిదారిన ఎక్కాల్సిందేనని దాని పంతం. వీపున సంచీ తగిలించుకుని బయల్దేరాం. అరగంట గడిచిందో లేదో నా మోకాళ్ళు మొర పెట్టుకున్నాయి. కూర్చుందామంటే ఒక రాయి మరీ ఎత్తు, ఇంకొకటి మరీ పల్లం, మూడోదాని మీద చీమల ఊరేగింపు. అప్పుడా పిల్ల సంచీలోంచి గొడుగులాంటి కట్ట ఒకటి తీసి, విప్పి, మూడు కాళ్ళ స్టూలు చేసి నా ముందు పెట్టింది. మహారాణిలా కూర్చున్నాను. స్టూలు కాలొకటి మట్టిలోకి దిగింది. దానితోపాటే నేనూ దిగాను!

నవ్వులు అయ్యాక కింద మట్టిలోనే చతికిలబడి ఆలోచించాను. ఈ స్టూళ్ళు లేని రోజుల్లో, బస్సులు లేని రోజుల్లో, మైళ్ళకి మైళ్ళు నడిచినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు?

మన రాజులు ఈ సంగతి ఆలోచించకపోలేదు సుమండీ. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండువేల రెండువందల ఏళ్ళు దాటిన మాటలవి. మనుషుల కోసం, పశువుల కోసం దారుల పక్కన చెట్లు నాటించాననీ, బావులు తవ్వించాననీ వాటిలో చెప్పుకున్నాడు. చెట్టూ నీళ్ళూ ఉంటే బాటసారికి సగం ఇల్లు ఉన్నట్టే కదా. తరవాత వచ్చిన రాజులూ, భాగ్యవంతులూ సత్రాలు కట్టించారు. తిరుమల మెట్ల దారిలో మంటపాలు చూడండి, ఎక్కేవాళ్ళకి ఎక్కడ ఊపిరి ఆడదో తెలిసినవాళ్ళు కట్టించినట్టుంటాయి.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, తిరుపతి, కడప, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి అనే సంగతులు ఆయన ఎంత శ్రద్ధగా రాసుకున్నారో! ఇల్లు సర్దుకునే ఇల్లాలి కన్ను ఆయనది అనిపిస్తుంది నాకు.

మా మదనపల్లెకీ ఈ విషయంలో పేరుంది. హార్స్‌లీ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లె కడప జిల్లాలో ఉన్న ఆ రోజుల్లో కలెక్టరు హార్స్‌లీ దొర ఎండలకి తాళలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. దాంతో మల్లమ్మ పేరు పోయి దొర పేరు నిలిచింది. 1919లో రవీంద్రనాథ్ టాగూరు దక్షిణాది అంతా తిరిగి అలసి, విశ్రాంతికి వచ్చింది మదనపల్లెకే. ఆ విశ్రాంతిలోనే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు. బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో మార్గరెట్ కజిన్స్ ఆ పాటకి స్వరం రాసిపెట్టింది. అలసిన మనిషికి కూర్చునే చోటు దొరికితే ఎంత పని జరుగుతుందో చూడండి.

అంతా బాగానే ఉంది. కానీ ఈ లెక్కలో ఆడవాళ్ళెక్కడ?

ఊరి మధ్య రచ్చబండ ఉండేది. దానిమీద కూర్చున్నది మగవాళ్ళు. ఇంటి ముందు అరుగు ఉండేది. దారినపోయే పరాయి మగవాడు దానిమీద తుండు పరిచి పడుకున్నా ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కారు, ఆ ఇంటి కోడలు మాత్రం పగటిపూట అక్కడ కాలు చాపుకుని కూర్చోకూడదు. సత్రాల్లో ఫలానా కులంవాళ్ళకే చోటు. కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని సంతకి పోయే ఆడమనిషికి ఇవేవీ పనికిరావు. పైగా ఆమెకి కావలసింది కూర్చునే చోటు కాదు. ముందు బరువు దించే చోటు కావాలి. నెత్తిన రెండు మూడు మణుగుల మోపు ఉన్నప్పుడు ఒంటరిగా కిందికి దించడం కష్టం. ఎలాగో దించినా, మళ్ళీ ఎత్తిపెట్టే మనిషి లేకపోతే ఆ మోపు అక్కడే ఉండిపోతుంది. అందుకని మెడ విరిగిపోతున్నా నడుస్తూనే ఉండాలి.

దీనికి జవాబు మా అవ్వ చెప్పింది. అవ్వ పుట్టిల్లు కుప్పం పక్కన పల్లె, మెట్టినిల్లు పుంగనూరు. కుప్పం పక్క మాటల్లో తెలుగెంతో తమిళమూ అంతే. వాళ్ళు "సుమైతాంగి" అనేవాళ్ళు, అంటే బరువు మోసేది. దారి పక్కన రెండు రాళ్ళు నిలువుగా పాతి, పైన ఒక బండ అడ్డంగా పెడతారు. అంతే. దాని ఎత్తులో ఉంది కిటుకంతా. నడిచే మనిషి వంగకుండా, ఎవరి సాయమూ లేకుండా, నెత్తిమీది మోపుని అలా బండమీదికి జరిపేయొచ్చు. ఆ నీడలోనే కాసేపు కూర్చుని, మళ్ళీ దాని కింద నిలబడి నెత్తిమీదికి జరుపుకోవచ్చు. తమిళదేశంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కేరళలో వీటిని అత్తాణి అంటారు. ఆ పేరుతో అక్కడ ఊళ్ళే ఉన్నాయి.

ఇలాంటివి పరదేశాల్లోనూ ఉన్నాయి. లండన్‌లో పికడిల్లీ వీధి పక్కన కూలీల కోసం 1861లో ఇనప స్తంభాల మీద ఒక చెక్క బల్ల పెట్టారు. ఫ్రాన్సులో అల్సాస్ అనే సీమ ఉంది. అక్కడి ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకునే సంతకి పోయేవారు. 1811లో నెపోలియన్‌కి కొడుకు పుట్టినప్పుడు, ఆ సంతోషంలో దారుల పక్కన రాతి బల్లలు పెట్టించాలని అక్కడి పెద్ద అధికారి పూనుకున్నాడు. మనిషి కూర్చోడానికి కింద ఒక బల్ల, బుట్ట దించడానికి పైన ఇంకొక బల్ల. తరవాత మూడో నెపోలియన్ పెళ్ళి గుర్తుగా 1854లో మరికొన్ని వచ్చాయి.

రాజుగారింట్లో బిడ్డ పుట్టిందని అక్కడ పెట్టించారు. మన పక్క ఎందుకు పెట్టించేవారో తెలుసా? బిడ్డని కనకుండానే పోయిన ఆడవాళ్ళ కోసం! కడుపుతో ఉండగా చనిపోయిన మనిషి తన బరువు దించుకోకుండానే వెళ్ళిపోయిందని బాధ. దారినపోయేవాళ్ళు ఆమె పేర తమ బరువు దించుకుంటే, ఆమె బరువూ దిగుతుందని నమ్మకం. కొన్ని రాళ్ళమీద పోయిన మనిషి పేరు కూడా చెక్కించేవారు.

చిన్నప్పుడు అవ్వతో కుప్పం పోయినప్పుడు, ఊరి బయట ఒక రాతిని ఆవిడ చేత్తో తాకి కళ్ళకద్దుకోవడం చూశాను. "ఏం దేవుడవ్వా?" అని అడిగాను. "దేవుడు కాదు అమ్మణ్ణీ, అక్క రాయి" అంది. అక్క రాయి అంటే ఏదో గ్రామదేవత కాబోలు అనుకున్నాను. చాలా ఏళ్ళ తరవాత తెలిసింది, అది నిజంగా అవ్వ అక్కే. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి, నొప్పులు పడి పడి, బిడ్డ బయట పడకుండానే పోయిందట. రాతి మీద అక్షరాలేవీ లేవు. పేరు అవ్వకి తెలుసు. నేను అడగలేదు. అడిగి ఉండాల్సిందని తోచేసరికి అవ్వా లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయీ లేదు.

కాలం ఆగదు కదా. 1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరుకి రైలు పడింది. కుప్పం ఆ దారిలోదే. తరవాత బస్సులొచ్చాయి, లారీలొచ్చాయి. మోపులు చక్రాలెక్కాక రాళ్ళతో పనేముంది? చాలాచోట్ల మోరీల మీద పలకలైపోయాయి, కొన్నిచోట్ల మట్టిలో కలిసిపోయాయి. చచ్చినవాళ్ళకి కూడా శ్మశానం దారిలో ఒక దింపుడు కళ్ళం ఉంచిన జాతి మనది. బతికి బరువు మోసేవాళ్ళ రాళ్ళని మాత్రం నిలుపుకోలేకపోయాం.

ఇదంతా చెప్పేసరికి మా పిల్ల స్టూలు మడిచేసి నా పక్కనే మట్టిలో కూర్చుంది. "పేరు తెలుసుకోలేమా అత్తా?" అంది. తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదన్నాను.

అంతలో పైనుంచి ఒకామె పుల్లల మోపుతో దిగి వచ్చింది. నా వయసే ఉంటుంది. మమ్మల్ని చూసి ఆగి, "కాస్త చెయ్యెయ్యండి తల్లీ, దించుకుంటా" అంది. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని దించాం. చుట్టకుదురు తీసి మొహం తుడుచుకుంది. స్టూలు వేస్తానంటే నవ్వి, ఒక బండ మీద హాయిగా కూర్చుంది. నాకు మరీ పల్లంగా ఉందనిపించిన రాయే అది. మా సీసాలో నీళ్ళు తాగి, ఆ వారం కూరగాయల ధరలు చెప్పి, మా ఊరూ పేరూ అడిగి లేచింది.

మళ్ళీ ఇద్దరం కలిసి మోపు ఎత్తి ఆమె నెత్తిన పెట్టాం. అబ్బ, ఎంత బరువని! మా పిల్ల చేతులు దులుపుకుంటూ, "మీ పేరేంటమ్మా?" అని అడిగింది.

చెప్పింది. ఈసారి ఆ పేరు నేను డైరీలో రాసుకున్నాను.