ఏ బండి మంచిది? ఓ కోడి, ఓ హైలక్స్, ఓ జహీరాబాద్ కథ

ఇద్దరు తెలుగు ఇంజనీర్లు బండ్ల గురించి మాట్లాడుకుంటే చివరికి జపాన్ దగ్గరే తేలతారు. "టొయోటా అయితే కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చు" అని ఒకరంటే రెండోవాళ్ళు తలూపుతారు. నేనూ చాలాకాలం ఊపాను. పికప్ ట్రక్కుల చరిత్ర తిరగేశాక మాత్రం ఆ "కళ్ళు మూసుకుని" అన్నచోట కొంచెం ఆగాల్సొచ్చింది.

ముందు పొగిడేద్దాం. హైలక్స్ 1968లో పుట్టింది. 1987లో చాద్ దేశం లిబియా సైన్యాన్ని తన ఉత్తర ఎడారుల్లోంచి తరిమింది. లిబియా దగ్గర సోవియట్ ట్యాంకులున్నాయి. చాద్ సైనికుల దగ్గరున్నవేమో టొయోటా ల్యాండ్ క్రూయిజర్, హైలక్స్ పికప్పులు, వాటి వెనక బిగించిన మిలాన్ క్షిపణులు. ట్యాంకు తన తుపాకీ తిప్పుకునేలోపు పికప్పు ఇంకోచోట ఉండేదన్నమాట. చరిత్రలో దాని పేరే 'టొయోటా యుద్ధం'! 2003లో బీబీసీ టాప్ గేర్ వాళ్ళు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగేసిన పాత హైలక్స్‌ని సముద్రపు పోటులో ముంచారు, నిప్పంటించారు, కూల్చేసే భవనం మీద పెట్టి దాంతోపాటు కూల్చారు. అయినా మామూలు పనిముట్లతో, కొత్త పార్టు ఒక్కటీ వెయ్యకుండా మళ్ళీ స్టార్ట్ చేశారు.

మరి ఇంత గొప్ప బండి, పికప్పులంటే పడిచచ్చే అమెరికాలో ఎందుకు దొరకదు? దొరికేది. 1970ల మధ్యలో అక్కడ హైలక్స్ పేరు తీసేసి ఉత్త 'ట్రక్' అని అమ్మారు. 1995లో దాని స్థానంలో అమెరికా కోసమే చేసిన టకోమా వచ్చింది. దీని వెనక ఒక కోడి ఉంది. నిజంగానే!

1960ల మొదట్లో అమెరికా చవక కోళ్ళు యూరప్ మార్కెట్‌ని ముంచెత్తాయి. యూరప్ కామన్ మార్కెట్ దేశాలు సుంకం పెంచాయి. బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద సుంకాలు పెంచాడు. ట్రక్కుల మీద 25 శాతం. గురి జర్మనీ ఫోక్స్‌వాగన్ వ్యాన్ల మీద. కాలక్రమంలో మిగతా మూడూ పోయాయి, ట్రక్కుల సుంకం మాత్రం ఉండిపోయింది.

పన్ను ఉన్నచోట సందు వెతికేవాడూ ఉంటాడు కదా. జపాన్ కంపెనీలు వెనక తొట్టి లేకుండా బండి దింపి, అమెరికాలో తొట్టి బిగించేవి. 1980లో ఆ సందు మూశారు. సుబారు తన బ్రాట్ పికప్ తొట్టిలో రెండు సీట్లు బిగించి "ఇది ప్యాసింజరు కారండీ" అంది. చివరికి అమెరికా కంపెనీ ఫోర్డే టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లని వెనక సీట్లతో దింపి, రేవు దాటాక ఆ సీట్లు పీకేసేది. ఆ కేసులో 2024లో తప్పు ఒప్పుకోకుండానే 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. గోడ ఎవరి కోసం కట్టారో వాళ్ళకే అడ్డం వచ్చింది.

ఈ గోడ చాటున ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అమెరికాలో నంబర్ వన్ పికప్పుగా ఉంటోంది. అది చెత్త బండని అనను. కానీ పోటీ ఎంత నిఖార్సుగా జరిగిందో ఆలోచించండి.

సరే, ధర సంగతి పన్నులది. మన్నిక మాత్రం ఇంజనీరింగేగా? అక్కడే నాకు రెండో దెబ్బ తగిలింది. టకోమా కూడా టొయోటాయే. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకి టకోమా ఛాసిస్‌లు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. 2008లో టొయోటా 1995-2000 మోడళ్ళకి తుప్పు వారంటీని 15 ఏళ్ళకి పెంచి, బాగా పాడైనవాటిని మార్కెట్ ధరకి ఒకటిన్నర రెట్లిచ్చి వెనక్కి కొనుక్కుంది. సహారా ఇసుకలో యుద్ధం గెలిపించిన కంపెనీని ఉప్పు ఓడించింది. "నా మెషీన్లో పనిచేస్తోంది" అని మనం అనే మాట ఇదే కదా!

ఇక మన ఇంటి కథ. 1980ల మధ్యలో నాలుగు జపాన్ కంపెనీలు మన దేశంలో చిన్న లారీలు మొదలుపెట్టాయి. డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, నాలుగోది మన హైదరాబాద్ ఆల్విన్‌తో కలిసిన నిస్సాన్. ఫ్రిజ్‌లూ, వాచీలూ చేసిన ఆల్విన్, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ట్రక్కుల ఫ్యాక్టరీ పెట్టింది. బండి మంచిదే. కానీ 1985 ప్లాజా ఒప్పందం తర్వాత రెండేళ్ళలో డాలరు 240 యెన్‌ల నుంచి 150 కిందికి దిగింది. జపాన్ నుంచి తెచ్చే పార్టుల ఖర్చు మండిపోయింది. 1986లో టాటా 407 వచ్చింది. పార్టులు ఇక్కడివే, మెకానిక్ పక్క షెడ్డులోనే. స్వరాజ్, ఐషర్ నిలదొక్కుకున్నాయి. డీసీఎం టొయోటా డేవూ చేతికి, ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయాయి.

అంటే "మన్నికైన బండి" అని మనం అనేదాంట్లో సగం బండిది, సగం ఊరిది. లోడు బండి ఆగిన రోజు డ్రైవరుకి కూలి లేదు, కిస్తీ మాత్రం ఆగదు. కాబట్టి అతనికి మన్నిక అంటే చెడకపోవడం ఒక్కటే కాదు, చెడితే సాయంత్రానికి బాగవడం కూడా. 2005లో వచ్చిన రెండు సిలిండర్ల టాటా ఏస్‌ని టాప్ గేర్ వాళ్ళిచ్చిన పరీక్షలో పెడితే బతక్కపోవచ్చు. కానీ మన ఊళ్ళలో టమాటా బుట్టలు మార్కెట్‌కి చేర్చింది అదే. హైలక్స్ మన దేశానికి 2022లో వచ్చింది, మొదటి ధరే దాదాపు 34 లక్షలు. చాద్‌లో పనిముట్టు, ఇక్కడ హోదా.

అన్నట్టు మనలో చాలామంది ఆఫీసు క్యాబ్‌గా ఎక్కిన పాత ఇన్నోవా ఎవరనుకున్నారు? 2004లో టొయోటా తెచ్చిన ఒకే ఛాసిస్ కుటుంబంలో హైలక్స్‌కి తోబుట్టువు. అది మన దగ్గర గెలిచిందంటే బండి గొప్పదనంతోపాటు, ఇక్కడే తయారై, ఊరూరా మెకానిక్ దొరకడమూ కారణమే అనుకుంటాను.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఏ బండి మంచిది?" అంటే నేను ముందు "ఏ ఊళ్ళో?" అని అడుగుతాను. మీరేమంటారు?