గట్టు దాటే డ్రైవర్లు

డ్రైవర్ అనంగనే మనకు లారీ నడిపేటోడు యాదికొస్తడు. కంప్యూటర్ల, ఫోన్ల డ్రైవర్ అంటే ఒక ప్రోగ్రామ్. కెమెరా, వైఫై, ప్రింటర్ అసొంటి వాటికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ మాటలు మోసేది అదే. చానా డ్రైవర్లు కెర్నెల్ లోపల్నే నడుస్తయి. యాప్ తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే ఆగుతది. కెర్నెల్ల ఉన్న డ్రైవర్ తప్పు చేస్తే మిషిన్ మొత్తం కూలవడుతది.

2024 జులై 19న గదే అయింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక చిన్న ఫైల్ పంపింది. అది 21వ విలువ చూడుమన్నది, డ్రైవర్ దగ్గరున్నయి 20. మనకున్నది 20 గుంటలైతే గట్టు దాటి 21వ గుంటల కాలు వెట్టినట్టు. దీన్నే అవుట్ ఆఫ్ బౌండ్స్ అంటరు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మిషిన్లు ఆగినయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన్రు. దొంగ ఎవడూ రాలే, ఉత్త లెక్క తప్పే!

దొంగకు పనికొచ్చే తప్పు ఇంకోటున్నది, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. కౌలు గడువు అయిపోయి పొలం ఇంకొకరికి ఇచ్చినంక, పాత కౌలుదారు పాత కాయితం పట్టుకొని నాగలి కట్టినట్టు. ఆండ్రాయిడ్ల యాప్‌ల నడుమ కబురు మోసే బైండర్ డ్రైవర్ల ఈ తప్పు దొరికింది. లైనక్సోళ్లు 2018 ఫిబ్రవరిలనే సరిచేసిన్రు. అయినా ఆ మరమ్మతు చానా ఫోన్లకు చేరలే. 2019 అక్టోబర్ల గూగుల్ ప్రాజెక్ట్ జీరో బయటపెట్టేనాటికే దాన్ని వాడుకుంటున్నరని ఆనవాళ్లు దొరికినయి. వాళ్ల జాబితాల రెడ్‌మీ 5ఏ, రెడ్‌మీ నోట్ 5 ఉన్నయి. మన ఊర్లల్ల అప్పట్ల బాగ కనవడ్డ ఫోన్లే గద. నాకు కోపమొచ్చేది ఈడనే. మందు తయారైనంక ఏడాదిన్నర దాక రోగికి అందకపోవుడేంది?

అసలు కథ సీ భాషతోని. గట్టు దాటినవా అని అది అడగది. రస్ట్ భాష చానా తప్పులను ప్రోగ్రామ్ తయారైతున్నప్పుడే పట్టుకుంటది. 2022 డిసెంబర్ల వచ్చిన లైనక్స్ 6.1 దానికి తలుపు తీసింది. ఆండ్రాయిడ్ల బయటపడే లోపాలల్ల మెమరీవి 2019ల 76 శాతముంటే, 2024కు 24 శాతానికి దిగినయని గూగుల్ చెప్పింది. పాత సీ డ్రైవర్లు మాత్రం ఇంకా కుప్పలుతెప్పలు.

మీ ఫోన్ల సెట్టింగ్స్‌కు పోయి, అబౌట్ ఫోన్ల సెక్యూరిటీ అప్‌డేట్ తారీఖు చూడుండ్రి. కొన్ని ఫోన్లల్ల ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే కనవడుతది. నా పాత ఫోన్ల చూస్తే రెండేండ్ల కిందటిది. అప్‌డేట్ కోసం వెతికితే ఏం లేదన్నది. ఆ రాత్రే దాంట్లకెళ్లి బ్యాంకు యాప్ తీసేసిన. ఇప్పుడు అది పాటలు వినేతందుకే.