గర్భకోశకంఠ పరీక్ష: దాని పూర్వకథ

అనా కుగ్లర్ అను అమెరికను వైద్యురాలు 1883 నవంబరులో గుంటూరు వచ్చినది. ఫిలడెల్ఫియాలో స్త్రీలకై ఏర్పడిన వైద్య కళాశాలలో ఆమె 1879లోనే పట్టము పుచ్చుకొన్నది. అయినను లూథరన్ మిషనువారు ఆమెను మొదట బోధనకై పంపినారే గాని వైద్యమునకు కాదు. జబ్బుపడిన స్త్రీలు మాత్రము ఆమెను వైద్యురాలుగానే చూచినారు. 1886లో ఊరిలో చిన్న మందులశాల, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి వెలసినవి. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసినది; ఆసుపత్రికి తరువాత ఆమె పేరే నిలిచినది.

ఘోషా పాటించు ఇండ్లలోనికి పురుష వైద్యునికి ప్రవేశము లేని కాలమది. తక్కిన ఇండ్లలోనైనను తెల్లబట్ట, ముట్టు ఆగిన ఏండ్లకు మరల కనబడు రక్తము మగవానితో చెప్పుకొను సంగతులు కావు. మంత్రసానితోనో, తోడికోడలితోనో చెప్పుకొని ఊరకుండెడివారు. ఆడ వైద్యురాలు రాగా నోరు విప్పుటకు ఒక చోటు దొరికినది. కాని నోరు విప్పినంత మాత్రమున గర్భకోశకంఠపు కాన్సరు లొంగునది కాదు. ఆనాడు గుంటూరులోనే గాదు, లండనులోనైనను వైద్యునికి ఉన్నవి కన్ను, వ్రేలు మాత్రమే. కంటికి కనబడి, వ్రేలికి తగులునప్పటికి వ్యాధి ముదిరియుండెడిది.

ముదురకముందే పట్టుట యెట్లు? జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మన్ అను వైద్యుడు 1920ల నడుమ ఒక సులువైన ఉపాయము పన్నినాడు. జంట భూతద్దమును ఒక నిలువుకాడపై బిగించి, దానికి దీపము జోడించి, గర్భకోశకంఠమును అనేక రెట్లు పెద్దదిగా చూచినాడు. అదియే కాల్పోస్కోపు. పలుచని ఎసిటిక్ ఆమ్లము, అనగా వంటింటి వినిగరువంటిది, పూసినచో మార్పు చెందిన కణములున్న చోటు తెల్లబడునని కూడ తెలిసినది. వియన్నాలో వాల్టర్ షిల్లర్ 1928 ప్రాంతమున అయోడిను పూసి చూచినాడు. ఆరోగ్యముగా నున్న కణములలో గ్లైకోజెన్ అను పిండిపదార్థము ఉండును గనుక అవి ముదురు గోధుమరంగు తిరుగును. మార్పు చెందిన కణములలో అది తక్కువ. అవి పాలిపోయి యుండును. బియ్యపు గంజిలో అయోడిను చుక్క వేసి రంగు చూచిన విద్యార్థికి దీని సూత్రము కొత్తది కాదు.

ఇదే కాలమున న్యూయార్కులో గ్రీసు దేశీయుడైన జార్జి పపనికొలావు మరొక త్రోవ పట్టినాడు. గినీపందుల యోనినుండి తీసిన కణములను సూక్ష్మదర్శినిలో చూచుచుండిన ఆయన, ఆ పరీక్షనే స్త్రీలకు వర్తింపజేసినాడు. భార్య ఆండ్రోమకి ఏండ్ల తరబడి తన కణములను పరీక్షకు ఇచ్చుచు వచ్చినది. ఆ ఓర్పును చరిత్రకారులు ఒక వాక్యముతో దాటవేయుట న్యాయము కాదు. కాన్సరు కణములు కూడ ఇట్లే దొరకునని 1928లో ఆయన చెప్పగా వైద్యలోకము పెదవి విరిచినది. బుకారెస్టులో ఆరెల్ బాబేష్ కూడ ఇంచుమించు అదే కాలమున ఇదే సంగతి ప్రకటించినాడు. హెర్బర్టు ట్రౌట్‌తో కలిసి పపనికొలావు 1941లో, 1943లో ప్రచురించిన తరువాతనే ‘పాప్ పరీక్ష’ నిలద్రొక్కుకొన్నది.

కాల్పోస్కోపు చరిత్రలో ఒక చీకటి పుట గూడ కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆష్విట్జ్ శిబిరములో వర్ట్స్ అను నాజీ వైద్యుడు ఖైదీ స్త్రీలపై సమ్మతి లేకయే ఈ పరీక్ష జరిపించి, కంఠభాగములను కోయించి హాంబర్గుకు పంపినాడు. నేడు పరీక్షకు ముందు విషయము వివరించి సమ్మతి తీసికొనుట వట్టి మర్యాద కాదనుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు.

ఈ కాన్సరుకు మూలమైన వైరసును, అనగా హెచ్.పి.వి. 16వ రకమును, హరాల్డ్ జుర్ హౌసెన్ బృందము 1983లో గుర్తించినది. ఆయనకు 2008లో నోబెలు బహుమతి వచ్చినది. ఈ వైరసు సోకుట చాల సామాన్యము. ఎక్కువమందిలో ఒకటి రెండేండ్లలో శరీరమే దానిని తొలగించును. తొలగక నిలిచిన కొద్దిమందిలోనైనను కాన్సరుగా మారుటకు సాధారణముగా పది పదిహేనేండ్లు పట్టును. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో 1999లో మొదలైన పరిశోధనలో 30–59 ఏండ్ల స్త్రీలు 1,31,746 మంది చేరినారు. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసినంతనే ఆ గుంపులో ఈ కాన్సరు మరణములు దాదాపు సగము తగ్గినవని 2009లో తేలినది.

30–65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి వినిగరు పరీక్ష చేయవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము సూచించినది. వియన్నా, హాంబర్గు ప్రయోగశాలల విద్య ఇట్లు పల్లెలోని నర్సమ్మ చేతికి వచ్చినది. చిక్కు అక్కడనే మొదలగును. అద్దంకివైపు పల్లెలోనో, సత్తెనపల్లివైపు పల్లెలోనో మిరపకోతల నడుమ ఒక స్త్రీ చేతికి ‘పాజిటివ్’ అని వ్రాసిన చీటీ వచ్చును. పట్నమునకు పోయి కాల్పోస్కోపీ చేయించుకొనుమందురు. ఆమెకు వినబడునది ‘కాన్సరు’ అను మాట ఒక్కటే. పైగా పోయిన రోజు కూలి పోవును; కోతలు ముగిసిన పిమ్మట చూతములెమ్మని ఇంటివారందురు.

ఆ చీటీ చెప్పునది వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఏడేండ్లపాటు సుమారు పంతొమ్మిది వేలమందికి వినిగరు పరీక్ష చేయగా, ఇంచుమించు పదిమందిలో ఒకరికి పాజిటివ్ వచ్చినది. తీవ్రమైన మార్పులు కనబడినది నూటికి ఒకరికన్న తక్కువమందిలో. మంట, వాపు, ఇతర అంటులవలన గూడ చోటు తెల్లబడును. కాబట్టి పాజిటివ్ అనగా ‘ఇంకొకసారి దగ్గరగా చూడవలెను’ అని మాత్రమే. అట్లని చీటీని పెట్టెలో దాచుట తగదు. ఆ కొద్దిమందిలో తానున్నదీ లేనిదీ తేల్చునది ఆ రెండవ చూపే.

ఆ చూపునకు పట్టు కాలము పది ఇరువది నిమిషములు. కాల్పోస్కోపు శరీరములోనికి పోదు. అడుగు దూరమున నిలిచియుండును. లోపలికి పోవునది పాప్ పరీక్షకు వాడు స్పెక్యులమే. వినిగరు పూసినప్పుడు కొంచెము చురుక్కుమనును. అనుమానము తోచినచో బియ్యపుగింజంత ముక్క తీసి పరీక్షకు పంపుదురు. అపుడు ముట్టునొప్పివంటి పోటు, తరువాత ఒకటి రెండు దినములు కొద్దిపాటి రక్తము ఉండవచ్చును. రక్తము ఎక్కువైనను, జ్వరము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ముట్టురోజులు తప్పించి పోవుట మేలు. గర్భముతో నున్నచో ముందే చెప్పవలెను. ఎక్కువమంది అదే పూట నడిచి ఇంటికి పోదురు. ముక్క ఫలితము వచ్చుటకు కొన్ని దినములు పట్టును గనుక, అది ఏ రోజు వచ్చునో, ఎవరిని అడుగవలెనో ఆసుపత్రి విడుచునప్పుడే చీటీ వెనుక వ్రాయించుకొనవలెను.